డైనో కాగితాన్ని ఎలా చదవాలి?

(స్వర్ణోత్సవాల సందర్భంగా జరిగిన పూర్వ విద్యార్థుల గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మీ వృత్తికి సంబంధించిన విషయం ఏదైనా, అందరికీ అర్థమయ్యేలా ఇరవై నిమిషాల్లో చెప్పండి" అన్నారు. నేను ముప్పై ఏళ్ళుగా ఇంజిన్లను పరీక్షించే పనిలో ఉన్నాను. ఈ మధ్య మన బడి కుర్రాళ్ళు కొందరు టర్బో కార్లు కొని, వాటిని ట్యూన్ చేయించి, ఆ కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వస్తున్నారు. "అన్నా, ముప్పై హార్స్‌పవర్ పెరిగింది, చూడు" అంటారు. ఆ కాగితంలో ఏం చూడాలో, ఏం చూసి మోసపోకూడదో చెబుదామని ఈ విషయం ఎంచుకున్నాను. కార్ల మీద ఆసక్తి లేనివాళ్ళు కంగారు పడకండి. ఇందులో ఉన్నదంతా మన ఎనిమిదో తరగతి గ్రాఫులు, తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రమే.

ముందు రెండు మాటల్లో టర్బో సంగతి. ఇంజిన్ నుంచి బయటికి పోయే వేడి వాయువులతో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, దానికి కలిపిన ఇంకో చక్రంతో గాలిని లోపలికి నొక్కిపెట్టే సాధనం టర్బో. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి దీనికి 1905లోనే పేటెంటు తీసుకున్నారు. గాలి ఎక్కువ వెళితే పెట్రోలు ఎక్కువ మండించవచ్చు, సామర్థ్యం పెరుగుతుంది. ఇవాళ ఆ గాలి ఎంత నొక్కాలో, నిప్పురవ్వ ఎప్పుడు పడాలో, పెట్రోలు ఎంత పోయాలో నిర్ణయించేది ఈసీయూ అనే కంప్యూటరు. అందులోని అంకెలు మార్చడమే ట్యూనింగ్. స్పానరు పట్టకుండా, ల్యాప్‌టాప్‌తో అరగంటలో అయిపోయే పని. సులువుగా అయిపోతుంది కాబట్టే ప్రమాదం కూడా.

ఇక డైనో. కారు చక్రాలను రోలర్ల మీద ఉంచి, కదలకుండా పట్టీలతో కట్టి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి, చక్రాల దగ్గర ఎంత బలం వస్తోందో కొలిచే యంత్రం ఇది. ఇంజిన్ బలాన్ని బ్రేకు వేసి కొలవాలన్న ఆలోచన కొత్తది కాదు. ఫ్రాన్సులో ప్రోనీ 1821లోనే చెక్క దిమ్మెలు బిగించి ఆ పని చేశాడు.

ఇప్పటి డైనోలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకదానిలో బరువైన డ్రమ్ము ఉంటుంది. దాని జడత్వ భ్రామకం ముందే తెలుసు. అది ఎంత త్వరగా వేగం పుంజుకుంటోందో చూసి బలాన్ని లెక్కగడతారు. రెండోదానిలో అయస్కాంత బ్రేకు రోలరును వెనక్కి పట్టి ఉంచుతుంది, ఆ పట్టును నేరుగా కొలుస్తారు. మొదటి రకంలో కారు గబగబా పైకి వెళ్ళిపోతుంది కాబట్టి టర్బోకు ఊపందుకునే వ్యవధి తక్కువ. గ్రాఫు మీద బూస్ట్ కాస్త ఆలస్యంగా మొదలైనట్టు కనిపిస్తుంది. అదే కారును బ్రేకు రకం మీద పెడితే టార్క్ ముందే లేస్తుంది. కారు మారలేదు, కొలిచే పద్ధతి మారింది. ఏ గేరులో పరుగు పెట్టారన్నది కూడా ఇలాంటి తేడాయే తెస్తుంది.

కాగితం మీద రెండు గీతలుంటాయి. ఒకటి టార్క్, అంటే మనం తెలుగు మాధ్యమంలో బలభ్రామకం అని చదువుకున్నది. రెండోది సామర్థ్యం. నిజానికి ఇవి రెండు కొలతలు కావు. టార్క్‌ను వేగంతో గుణిస్తే సామర్థ్యం వస్తుంది, అంతే. న్యూటన్ మీటర్లను నిమిషానికి చుట్లతో గుణించి 9,549తో భాగిస్తే కిలోవాట్లు. 7,024తో భాగిస్తే మెట్రిక్ హార్స్‌పవర్. ఈ ఒక్క సూత్రం జేబులో పెట్టుకుంటే చాలు, కాగితాన్ని కాగితంతోనే పరీక్ష పెట్టవచ్చు. ఉదాహరణకు 4,500 చుట్ల దగ్గర టార్క్ 240 న్యూటన్ మీటర్లని ఒక గీత చెబుతోంది, అదే చోట సామర్థ్యం 175 హార్స్‌పవర్ అని ఇంకో గీత చెబుతోంది అనుకుందాం. 240ని 4,500తో గుణించి 7,024తో భాగిస్తే వచ్చేది 154. అంటే ఒక గీతను చక్రాల దగ్గర, ఇంకో గీతను ఇంజిన్ దగ్గర లెక్కగట్టి ఒకే కాగితం మీద వేశారన్నమాట. లేదా ఇంకేదో జరిగింది. అడగాల్సిన ప్రశ్న ఒకటి మీకు దొరికింది.

ఈ చక్రాల దగ్గర, ఇంజిన్ దగ్గర అన్న తేడా పెద్దది. గేరుబాక్సు, షాఫ్టులు, టైర్లు కొంత బలాన్ని తింటాయి. చక్రాల దగ్గర 150 వస్తే, పదిహేను శాతం పోయిందనుకుని 0.85తో భాగించి, ఇంజిన్ దగ్గర 176 అని రాస్తారు. ఆ పదిహేను శాతం ఎవరు కొలిచారు? చాలాసార్లు ఎవరూ కొలవరు. అది ఊహ. కొన్ని డైనోలు క్లచ్ తొక్కి రోలర్లు నెమ్మదించే తీరును బట్టి నష్టాన్ని అంచనా కడతాయి. అది ఊహ కన్నా నయం.

తర్వాతది వాతావరణ సవరణ. వేడి గాలి, పలచని గాలి ఉన్నచోట ఇంజిన్ తక్కువ బలం ఇస్తుంది. అందుకని అన్ని ఊళ్ళ ఫలితాలను ఒకే కొలబద్ద మీదికి తేవడానికి ఒక గుణకంతో గుణిస్తారు. ఎస్ఏఈ పద్ధతిలో 25 డిగ్రీలు, 990 మిల్లీబార్ల పొడి గాలి ప్రమాణం. జర్మన్ల డిఐఎన్ పద్ధతిలో 20 డిగ్రీలు, 1,013 మిల్లీబార్లు. హైదరాబాదు సముద్రమట్టానికి అయిదు వందల మీటర్లకు పైన ఉంది, అక్కడ గాలి పీడనం సుమారు 950 మిల్లీబార్లు. 35 డిగ్రీల ఎండలో లెక్క వేస్తే ఈ గుణకం దాదాపు 1.09 వస్తుంది. అంటే కొలిచింది 150 అయితే కాగితం మీద 163 పడుతుంది.

టర్బో లేని ఇంజిన్‌కు ఇది న్యాయమే. టర్బో ఇంజిన్‌లో మాత్రం ఈసీయూ తనకు కావలసిన పీడనం వచ్చేదాకా టర్బోను ఇంకాస్త తిప్పి, ఎత్తు వల్ల తగ్గిన గాలిని చాలావరకు తనే పూడ్చుకుంటుంది. పూడ్చిన గుంటనే మళ్ళీ పూడ్చి లెక్క రాస్తే కారులో లేని పదమూడు గుర్రాలు కాగితం మీద పుడతాయి. కాబట్టి సవరణ చేయని అంకె కూడా అడిగి తీసుకోండి. పోలిక ఎప్పుడూ అదే డైనో మీద, అదే రోజు, అదే గేరులో, టైర్లలో అంతే గాలితో, ట్యూనింగ్‌కు ముందు మూడు పరుగులు, తర్వాత మూడు పరుగులు పెట్టి చేయాలి. "ముందు" కాగితం లేకుండా "తర్వాత" కాగితానికి అర్థం లేదు. కంపెనీ పుస్తకంలోని అంకెతో పోల్చి ఇంత పెరిగిందనడం, పోయినేడాది పక్క స్కూలు పిల్లాడికి వచ్చిన మార్కులతో ఈ ఏడాది మనవాడి మార్కులు పోల్చడం లాంటిది.

ఇప్పటిదాకా చెప్పింది డైనో కాగితం సంగతి. అది ప్రోగ్రెస్ కార్డు మాత్రమే. మన లెక్కల మాస్టారు జవాబు ఒక్కటే రాస్తే మార్కులు వేసేవారు కాదు, స్టెప్పులు చూపించమనేవారు. కారుకు ఆ స్టెప్పులే డేటా లాగ్. పరుగు జరుగుతున్నంతసేపూ ఈసీయూ చూస్తున్న అంకెలన్నీ వరసగా రాసిన పట్టిక అది. అందులో నేను అయిదు గడులు మొదట చూస్తాను.

మొదటిది బూస్ట్. ఈసీయూ కోరిన పీడనం ఎంత, వచ్చింది ఎంత, రెండూ పక్కపక్కన చూడాలి. ఇక్కడ మీటరు చూపే అంకె బయటి గాలి మీద అదనం అని మరచిపోవద్దు. మానిఫోల్డులో మొత్తం 1.95 బార్లు కావాలంటే విశాఖపట్నంలో టర్బో బయటి గాలిని 1.93 రెట్లు నొక్కితే సరిపోతుంది, హైదరాబాదులో 2.05 రెట్లు నొక్కాలి. ఇంజిన్‌కు అందేది ఒకటే, టర్బోకు పడే శ్రమ వేరు. చిన్న టర్బోలు నిమిషానికి రెండు లక్షల చుట్లు దాటి తిరుగుతాయి. వాటికి ఆ కాస్త తేడా కూడా తేడాయే.

రెండోది గాలి వేడి. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, సైకిల్ పంపు కొట్టినవాళ్ళందరికీ తెలుసు. 35 డిగ్రీల గాలిని రెండు రెట్లు నొక్కితే, టర్బో దక్షత 70 శాతం అనుకుంటే, అది 130 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. దాన్ని చల్లార్చడానికే ఇంటర్‌కూలర్. మొదటి పరుగులో 40 ఉండి, మూడో పరుగుకు 60 అయిందంటే ఇంటర్‌కూలర్ అలిసిపోతోందని అర్థం.

మూడోది గాలి, పెట్రోలు నిష్పత్తి. దీన్ని లామ్డా అనే అంకెలో చదవడం మంచిది. సరిగ్గా సరిపడా పెట్రోలు ఉంటే లామ్డా 1. పూర్తి బరువు మీద టర్బో పెట్రోలు ఇంజిన్లు సాధారణంగా 0.8 ప్రాంతంలో, అంటే పెట్రోలు కాస్త ఎక్కువగా పోసుకుని నడుస్తాయి. ఆ అదనపు పెట్రోలు లోపలి వేడిని తగ్గిస్తుంది. పాతకాలం వాళ్ళు 14.7 అన్న నిష్పత్తితో మాట్లాడతారు. అది ఇథనాల్ కలపని పెట్రోలుకు. ఇప్పుడు మన బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు అది దాదాపు 13.5. మీటరు మాత్రం పాత లెక్కలోనే చూపిస్తుంది. లామ్డాలో చదివితే ఈ గందరగోళం ఉండదు. అయితే అదే గాలికి పెట్రోలు సుమారు తొమ్మిది శాతం ఎక్కువ పోయాలి కాబట్టి ఇంజెక్టర్లు, పంపు తట్టుకుంటున్నాయా అన్నది నాలుగో గడిలో చూడాలి. కోరిన ఇంధన పీడనం, వచ్చిన పీడనం పై వేగాల దగ్గర విడిపోతుంటే అక్కడితో ఆపేయాల్సిందే.

అయిదోది అన్నిటికన్నా ముఖ్యం. నిప్పురవ్వ పడే సమయం, నాక్. పెట్రోలు మంట ఒక పక్క నుంచి ఇంకో పక్కకు సాఫీగా పాకాలి. వేడి, పీడనం మితిమీరితే చివర మిగిలిన మిశ్రమం తనంతట తాను ఒక్కసారిగా పేలుతుంది. అదే నాక్. లోపల మండే వాయువు వేడి రెండు వేల డిగ్రీలు దాటుతుంది, పిస్టన్ చేసిన అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మరి రోజూ ఎందుకు కరగడం లేదు? పిస్టన్ లోపలి నుంచి వేడి లాగేస్తూ ఉంటుంది, దాని తల మీద పలచటి వాయుపొర ఒకటి దుప్పటిలా కాపాడుతూ ఉంటుంది. నాక్ వచ్చినప్పుడు ఆ పేలుడు తరంగం ఈ దుప్పటిని చెరిపేస్తుంది. ఇంజిన్ గోడకు బిగించిన ఒక చిన్న సెన్సార్ ఈ శబ్దాన్ని విని ఈసీయూకు చెబుతుంది, ఈసీయూ ఆ సిలిండర్‌లో నిప్పురవ్వను వెనక్కి జరుపుతుంది. అప్పుడప్పుడు ఒకటి రెండు డిగ్రీలు జరిగితే అది దాని డ్యూటీ. ప్రతి పరుగులోనూ అదే సిలిండర్‌లో, అదే వేగం దగ్గర నాలుగైదు డిగ్రీలు జరుగుతుంటే అది మొర. వినాలి.

ఒక నిజమైన కేసు చెబుతాను. మన బడి కుర్రాడే, నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్న. నాలుగు సిలిండర్ల చిన్న టర్బో పెట్రోలు కారు. ట్యూనింగ్‌కు ముందు చక్రాల దగ్గర 121 హార్స్‌పవర్, తర్వాత మూడు పరుగుల్లో 152, 151, 149. "తగ్గింది మూడే కదా, డైనో గది ఫ్యాను చిన్నది, వేడికి తగ్గింది" అన్నాడు ట్యూన్ చేసినతను. బూస్ట్ ఇంకా పెంచే ఆలోచనలో ఉన్నారిద్దరూ. ఆ మర్నాడు అమ్మానాన్నలను కూర్చోబెట్టుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కాలని మనవాడి ప్లాను. లాగ్ నాకు పంపి, "చూడన్నా, అంతా బాగుందిగా" అన్నాడు.

లాగ్‌లో బూస్ట్ కోరింది 1.25 బార్లు, వచ్చింది మూడుసార్లూ 1.24. లామ్డా మూడుసార్లూ 0.82. ఇంధన పీడనం సరిగ్గా ఉంది. గాలి వేడి 41, 50, 60. మూడో సిలిండర్‌లో నిప్పురవ్వ వెనక్కి జరిగింది వరసగా 0, 2, 4.5 డిగ్రీలు. ఇంతవరకూ ఫ్యాను కథకు సరిపోతుంది. ఇంకొక గడి ఉంది. వేస్ట్‌గేట్‌ను ఎంత మూసి పట్టాలో ఈసీయూ ఇచ్చే ఆదేశం. వేస్ట్‌గేట్ అంటే టర్బో చక్రం మీదికి పోకుండా వేడి వాయువును పక్కదారి పట్టించే తలుపు. అది ఎంత మూసుకుంటే టర్బో అంత కష్టపడుతుంది. ఆ ఆదేశం 62 శాతం, 71 శాతం, 83 శాతం. వచ్చిన బూస్ట్ అదే, దానికోసం పడ్డ కష్టం మాత్రం ప్రతి పరుగుకూ పెరుగుతోంది.

"బండిని అరగంట చల్లార్చి ఇంకొక్క పరుగు మాత్రం పెట్టించు, ఏమీ మార్చవద్దు" అన్నాను. పెట్టించాడు. గాలి వేడి 42కు దిగింది. నాక్ తగ్గింది. వేస్ట్‌గేట్ మాత్రం 84 శాతం. వేడే కారణమైతే చల్లారాక అదీ దిగాలి కదా? దిగలేదు. అంటే టర్బో నొక్కిన గాలి దారిలో ఎక్కడో బయటికి పోతోంది. పోయిన గాలిని పూడ్చడానికి టర్బో ఇంకా వేగంగా తిరుగుతోంది, అందుకే గాలి ఇంకా వేడెక్కుతోంది, ఆ వేడికే నాక్. ఈ ఇంజిన్ గాలిని మానిఫోల్డ్ పీడనాన్ని బట్టి లెక్కగడుతుంది కాబట్టి దారిలో పోయిన గాలి దాని లెక్కలోకే రాదు, లామ్డా చక్కగా కనిపిస్తుంది. సబ్బునీళ్ళు పోసి గాలి నింపి చూస్తే ఇంటర్‌కూలర్ దగ్గర గొట్టం క్లిప్పులోంచి సగం జారి ఉంది. కొత్త క్లిప్పు వేసి బిగించాక అదే 1.24 బూస్ట్‌కు వేస్ట్‌గేట్ 60 శాతానికి దిగింది. కాగితం మీద 152 అంకె మొదటి పరుగులోనూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆ అంకె ఒక్కటే చూసి బూస్ట్ ఇంకా పెంచి ఉంటే ఘాట్ మధ్యలో ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఇంజిన్ విషయంలో లక్షలతో పని.

లాగ్ కూడా అన్నీ చెప్పదు. మూడో గేరులో 2,000 నుంచి 6,500 చుట్లకు ఒక పరుగు సుమారు ఏడు సెకన్లు. ఫోనుకు కలిపే చవక అడాప్టరు ఎనిమిది గడులను సెకనుకు రెండుసార్లు చదివిందనుకోండి, ఒక చుక్కకూ ఇంకో చుక్కకూ మధ్య మూడు వందలకు పైగా చుట్ల ఖాళీ. 6,000 చుట్ల దగ్గర ఒక సిలిండర్ ప్రతి 20 మిల్లీసెకన్లకు ఒకసారి మండుతుంది. అంటే మీ రెండు చుక్కల మధ్య అది ఇరవై అయిదుసార్లు మండింది. వాటిలో పది పేలినా మీ పట్టికలో కనిపించకపోవచ్చు. నాక్ కోసం చూసేటప్పుడు గడులు తగ్గించి, వేగం పెంచి రాయించుకోవాలి. డైనో గ్రాఫు కూడా అంతే. నున్నగా గీసే సదుపాయం ఒకటి అందులో ఉంటుంది. నున్నటి గీత అందంగా ఉంటుంది, మిస్‌ఫైర్ వల్ల వచ్చిన వణుకు దాని కింద దాక్కుంటుంది. సైన్సు ల్యాబులో చుక్కలన్నీ కలిసేలా గీత గీస్తే మాస్టారు ఏమనేవారో గుర్తుందిగా? చుక్కలు ముందు, గీత తర్వాత.

డైనో గదికీ రోడ్డుకూ ఉన్న తేడా కూడా గమనించాలి. డైనో మీద పరుగు ఏడు సెకన్లు. మే నెల మధ్యాహ్నం, నలుగురు మనుషులు, ఏసీ, ఎత్తు రోడ్డు అయితే ఇంజిన్ అదే బరువును నిమిషాల తరబడి మోయాలి. అందుకని డైనో మీద దొరికిన ఆఖరి రెండు డిగ్రీల నిప్పురవ్వను, ఆఖరి పది శాతం బూస్ట్‌ను వెనక్కి తీసేసి కారు ఇచ్చే ట్యూనర్ మంచివాడు. అతని కాగితం మీద అంకె చిన్నది ఉంటుంది. అతని దగ్గరికే వెళ్ళండి. పైగా బండిని కంపెనీ వివరాలకు భిన్నంగా మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ హద్దులు పెట్టింది. వారంటీ, బీమా చిక్కులు వేరే ఉన్నాయి. కెటలిటిక్ కన్వర్టరు తీసేయడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. ఆ పొగ పీల్చేది మన పిల్లలే.

చివరగా తమ్ముళ్ళకు నా సలహా. ట్యూనింగ్ షాపుకు డబ్బులు ఇచ్చేముందు మూడు అడగండి. ఒకటి, ముందు పరుగుల కాగితం, సవరణ లేకుండా. రెండు, తర్వాతి పరుగుల పూర్తి డేటా లాగ్, ఫైలు రూపంలో. మూడు, చల్లారాక ఇంకొక పరుగు. ఈ మూడూ సంతోషంగా ఇచ్చినవాడు తన పని తెలిసినవాడు. "అవన్నీ మీకెందుకు సార్, పికప్ చూడండి" అన్నవాడికి దణ్ణం పెట్టి బయటికి వచ్చేయండి.

గురువులకు ఒక విన్నపం. గ్రాఫు కాగితం మీద ఎక్స్ అక్షం, వై అక్షం గీసి, స్కేలు రాయకపోతే మీరు మార్కు కోసేవారు. అప్పుడు మాకు కోపం వచ్చేది. స్కేలు రాయని గ్రాఫును నమ్మకూడదన్న సంగతి ఇవాళ పెద్ద పెద్ద ఇంజినీర్లకు కూడా మళ్ళీ మళ్ళీ చెప్పాల్సి వస్తోంది. దయచేసి ఆ మార్కు కోయడం మానవద్దు. ఇప్పటి పదో తరగతి పిల్లల కోసం పాత ఇంజిన్ భాగాలు, రెండు సెన్సార్లు, ఒక లాగర్ మన ల్యాబుకు పంపుతాను. ఏడాదికి ఒక రోజు వచ్చి వాళ్ళతో కూర్చుంటాను కూడా. హెడ్ మాస్టారు తారీఖు చెబితే చాలు.

 ప్రశ్నలుంటే భోజనాల దగ్గర అడగండి. సెలవు.